డిస్కు మీద లేని గీత

మా అమ్మ విజిట్ వీసా మీద దోహా వస్తోందని తేలిన రోజు నుంచీ నేను ఫోన్లో ఆమెకు ఒకే లిస్టు చదువుతూ వచ్చాను. జొన్నపిండి, ఎండు చింతచిగురు, ఇంట్లో కొట్టిన కారం, పాపకు రెండు నూలు గౌన్లు. ప్రతిసారీ "యాదికున్నది బిడ్డా" అంది. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చి సూట్‌కేసు తెరిస్తే అందులో జొన్నపిండి లేదు, చింతచిగురు లేదు. నేను నోరు నొప్పెట్టేలా వద్దని చెప్పిన మామిడికాయ తొక్కు మాత్రం మూడు కిలోలు ఉంది. దాని పక్కన, పాత చీరముక్కలో నాలుగు మడతలు వేసి చుట్టిన రెండు డీవీడీలు ఉన్నాయి.

"ఇవెందుకు మోసుకొచ్చినవమ్మా?"

"బిడ్డకు సూపెడ్దామని." ఐదేళ్ళ మా పాప వైపు చూసి నవ్వింది. "మీ అమ్మ గివి సూసే పెద్దగయింది."

గుడ్డ విప్పకముందే అవేమిటో నాకు తెలిసిపోయింది. ఒక ఇంగ్లీషు సినిమా, దాని రెండో భాగం. ఒక కొండల రాజ్యం ఉంటుంది, ఒక యువరాజు ఉంటాడు, కోట బురుజు మీద ఆగిపోయిన గడియారాన్ని బాగుచేయడానికి ఎక్కడినుంచో ఒక మామూలు అమ్మాయి వస్తుంది. ఇద్దరికీ మొదట పడదు, తర్వాత పడుతుంది, పెళ్ళవుతుంది. పెళ్ళయ్యాక ఏమైందన్నది రెండో భాగం. ముసలివాళ్ళూ పిల్లలూ ఒకే చాప మీద కూచుని, ఎవరూ ఎవరి ముఖమూ తప్పించుకోకుండా చూడగలిగిన సినిమాలు.

అవి దోహా నుంచే మా ఊరికి వచ్చాయి. మా బాపు ఇక్కడ పద్నాలుగేళ్ళు, కాంక్రీటు పోసే చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటరుగా పనిచేశాడు. వెస్ట్ బేలోని టవర్లలో ఒకదానికి తానే చెక్కలు కొట్టానంటాడు గానీ ఏ టవరో చెప్పలేడు. నేను ఇప్పుడు అక్కడే ఒక టవర్లో రిసెప్షన్లో కూచుంటాను, అదే అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు సెలవు మీద వస్తూ తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలో డీవీడీ ప్లేయరు, ఈ రెండు డిస్కులు తెచ్చాడు. క్యాంపు దగ్గరి షాపులో "ఫ్యామిలీ పిక్చర్" అడిగితే ఇవి ఇచ్చారట. అట్ట మీద కోట బొమ్మ ఉంది, అందరూ నిండుగా బట్టలు వేసుకుని ఉన్నారు, అంతే చూసి కొన్నాడు. ఇంటికొచ్చి మాతోపాటు చూడ్డానికి కూచుని, అసలు కథ మొదలుకాకముందే నిద్రపోయాడు. రెండు నెలల సెలవయ్యాక వెళ్ళిపోయాడు.

జగిత్యాల పక్కన మా పల్లెలో అప్పట్లో ఇంగ్లీషు తెలిసినవాళ్ళు మా వాడలో ఎవరూ లేరు. మా అమ్మ దానికొక దారి కనిపెట్టింది. సౌండు పూర్తిగా తగ్గించేసి, చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతూ, తెర మీద పెదాలు కదిలినప్పుడల్లా మాటలు తనే చెప్పేది. రాణికి ఒక గొంతు, గడియారం అమ్మాయికి ఒక గొంతు, యువరాజుకు మా బాపు గొంతు. బీడీలు చేసే మిగతా ఆడవాళ్ళు కూడా చాటలు తెచ్చుకుని మా ఇంట్లోనే కూచునేవాళ్ళు. మా ఇంట్లో ఆ సినిమాకు వేరే సౌండు లేదు, మా అమ్మే సౌండు. ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. నాకు పదకొండేళ్ళప్పుడు ప్లేయరు కాలిపోయింది, డిస్కులు బీరువాలోకి వెళ్ళాయి, నేను హాస్టల్‌కు వెళ్ళాను. ఆ తర్వాత మళ్ళీ ఆ సినిమాలు చూడలేదు గానీ, కథ మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే ఆ వారం నా తలకాయ అంత వేడిగా ఎందుకుందో అర్థం కాదు. మా ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో ఏసీ పనులు చూసే సూపర్‌వైజర్. దోహాలో వాళ్ళ ప్రాజెక్టు అయిపోవస్తోంది. సౌదీలో, ఊళ్ళకు దూరంగా ఎడారిలో కొత్త సైటు మొదలవుతోంది, అక్కడికి రెండేళ్ళు పొమ్మని లెటర్ ఇచ్చారు. క్యాంపులో గది ఇస్తారు, మగవాళ్ళకే. ఫ్యామిలీకి ‘మాఫీ’, అంటే ఇక్కడి అరబ్బీలో ‘లేదు’ అని. ఒప్పుకుంటున్నాడో లేదో ఆదివారం పొద్దున ఆఫీసు తెరిచేలోపు మెయిల్ పెట్టాలి. ఒప్పుకోకపోతే నోటీసు ఇచ్చి ఇక్కడే ఇంకో కంపెనీ వెతుక్కోవాలి, దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.

మా ఆయన మెయిళ్ళన్నీ నేనే రాస్తాను. సైటులో నాలుగు భాషల్లో పని చేయిస్తాడు గానీ, ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయమంటే ఆయనకు చెమటలు పడతాయి. లెటర్ వచ్చిన రోజే నేను ఒప్పుకుంటున్నట్టు మెయిల్ రాసి డ్రాఫ్టులో పెట్టేశాను. పాపను తీసుకుని నేను ఊరికి వెళ్ళడం, అమ్మ దగ్గర ఉండడం, పాపను జగిత్యాల బడిలో వేయడం, అన్నీ పది నిమిషాల్లో తేల్చేశాను.

"నోటీసిచ్చి ఇక్కడనే చూసుకుందమా?" అని ఆయన ఒక్కసారి అడిగాడు.

"రెండేండ్లే గదా, కండ్లు మూసి తెరిస్తె అయిపోతయి" అన్నాను.

ఎంత బుద్ధిగా మాట్లాడానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. మొగుడి కోసం ఎదురుచూడడం మా ఇంట్లో కొత్త పని కాదు. అమ్మ వచ్చిన రోజు ఈ సంగతి చెప్తే "గట్లనా" అని, తొక్కు సీసా మూత బిగించడంలో పడిపోయింది.

ఇంత తతంగం మధ్యలో ఆమెకు కావలసింది డీవీడీ ప్లేయరు.

ఈ రోజుల్లో డీవీడీ ప్లేయరు ఎవరింట్లో ఉంటుంది చెప్పండి. లాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. అదే సినిమా ఫోన్లో ఎక్కడైనా దొరుకుతుందేమో వెతుకుతానంటే "అది వేరేది, ఇది మనది" అంది. పొద్దున టీ ఇస్తూ అడుగుతుంది, నేను ఆఫీసు నుంచి చెప్పులు విప్పకముందే అడుగుతుంది. పాప కూడా ఆమెతో జట్టుకట్టింది. చివరికి గురువారం సాయంత్రం డ్యూటీ అయ్యాక మా ఆయన మమ్మల్నందరినీ కారులో కుక్కి ఏషియన్ టౌన్ బజారుకు తీసుకెళ్ళాడు. బయట గాలి హెయిర్ డ్రయ్యర్ పెట్టినట్టు కొడుతోంది. ఫోన్ల షాపులవాళ్ళు నా ప్రశ్న విని, పాతసామాను వాడిని చూసినట్టు నన్ను చూశారు. "మాఫీ, మేడమ్, మాఫీ." ఐదో షాపులోనో ఆరో షాపులోనో ఒకాయన కౌంటరు కింద ఇస్త్రీ పెట్టెల మధ్య నుంచి ఒక ప్లేయరును లాగాడు. దుమ్ము ఊదాడు. రిమోట్ వేరే డబ్బాలో వెతికాడు. అది పనిచేస్తుందని చూపించడానికి ఎవరిదో పెళ్ళి వీడియో డిస్కు పెట్టాడు, మా అమ్మ ఆ పెళ్ళి చూస్తూ నిలబడిపోయింది, పెళ్ళికూతురు నగలు చూడకుండా కదలనంది. ఇంటికి తిరిగి వచ్చేసరికి నాకు ఎవరితోనూ మాట్లాడాలని లేదు.

శుక్రవారం భోజనాలయ్యాక మొదటి భాగం పెట్టాం. అల్ ఘర్రాఫాలో ఒక పెద్ద విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన ఇల్లు మాది. హాలంటే ఒక సోఫా, ఒక చాప, ఒక టీవీ. మా ఆయన సోఫాలో కూచుని, టైటిళ్ళు అయ్యేలోపు నిద్రపోయాడు. మా అమ్మ చాప మీద బాసింపట్టు వేసుకుని కూచుంది, రిమోట్ అందుకుని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సౌండు సున్నాకు తెచ్చింది.

"ఇగ సూడు బిడ్డా. గీ పిల్ల మిషిని కుట్టేటామె. రాణి రైకలు కుట్టనీకె కోటకొచ్చింది."

పాప ఇక్కడి ఇండియన్ స్కూల్లో చదువుతుంది. ఇంగ్లీషు మాటలు దానికి మాకంటే ముందే చెవిలో పడతాయి. రిమోట్ లాక్కుని సౌండు పెంచింది. "అమ్మమ్మా, కాదు. ఆమె క్లాక్ రిపేర్ చేస్తది. టైలర్ కాదు."

"క్లాక్ గూడ చేస్తది, రైకలు గూడ కుడుతది."

"లేదు. రైకలు అని చెప్పలేదు."

అక్కడ మొదలైంది. ఆమె సౌండు తగ్గిస్తుంది, ఇది పెంచుతుంది. రాణి కోడలిని తిట్టే సీన్ అని నేను ఇరవై ఏళ్ళుగా నమ్మిన చోట రాణి నిజానికి భోజనంలో సూపు బాగుందని చెబుతోంది. యువరాజు తన అమ్మ కాళ్ళు పట్టుకుని బతిమాలే చోట అతను కిందపడిన బొత్తాం వెతుకుతున్నాడు. గడియారం బాగుచేసే అమ్మాయికి చిన్నప్పుడే తల్లి చనిపోయిందని మా అమ్మ చెప్పేది, ఆ సీన్లో మా వాడలో ఆడవాళ్ళంతా ముక్కు చీదేవాళ్ళు. ఆ తల్లి ఇరవై నిమిషాల తర్వాత టోపీ పెట్టుకుని బస్సు దిగింది.

"ఈమె ఎవరు మరి?" అని అడిగాను.

"చిన్నమ్మ" అంది మా అమ్మ, రెప్ప వాల్చకుండా.

నిజం చెప్పాలంటే సినిమా కూడా నన్ను విసిగించింది. ఆ రాజ్యంలో ఎవరికీ పనీపాటా లేదు. ముప్పై ఏళ్ళ మగాడు, రోజంతా గుర్రం మీద తిరగడం, బాల్కనీ లోంచి చెయ్యి ఊపడం తప్ప చేసేది లేదు. వారం రోజులు ఆమెకు నిచ్చెన పట్టుకున్నాడని అందరూ అతన్ని త్యాగమూర్తిలా చూస్తారు. బురుజు మీది గడియారం ఆగిపోతే ఊరంతా టైము తెలియక అల్లాడిపోతారు, ఒక్కడి చేతికీ వాచీ లేదు. ఆమె గ్రీసు డబ్బా పట్టుకుని తెల్ల గౌనులో నిచ్చెన ఎక్కి, మరక లేకుండా దిగుతుంది. చిన్నప్పుడు ఇదంతా నాకు ఎంత గొప్పగా కనిపించిందో తలుచుకుంటే సిగ్గేసింది. నాకు కనిపించింది ఆ సినిమా కాదు, బీడీల చాట ముందు కూచున్న మా అమ్మ అని అప్పుడు తోచలేదు. అమ్మ మీద కోపమే వచ్చింది.

"ఇన్నేండ్లు నాకు అన్నీ అబద్ధాలే చెప్పినవు గదమ్మా" అన్నాను.

"కత మంచిగుండె గదా" అంది.

మంచిగానే ఉండేది. టీ పెట్టడానికి లేచి వెళ్ళాను.

శనివారం మా ఆయనకు డ్యూటీ ఉంది, సాయంత్రం వస్తాడు. పొద్దున్నుంచీ పాప రెండో భాగం పెట్టమని ప్రాణం తీస్తోంది. విచిత్రంగా ఈసారి మా అమ్మకు ఆత్రం లేదు. తలనొప్పి అంది. ప్లేయరు బాగా వేడెక్కుతోంది, రోజూ ఆడిస్తే కాలిపోతుందంది. నిన్న చూసిన మొదటి భాగమే మళ్ళీ చూద్దామంది. వారం రోజులు నా బుర్ర తిని, ఏషియన్ టౌన్ అంతా తిప్పించి, ఇప్పుడు తలనొప్పి అంటే నాకు ఒళ్ళు మండింది. డిస్కు నేనే పెట్టాను.

రెండో భాగం నాకు మొదటిదానికంటే బాగా గుర్తుంది. పెళ్ళయిన కొత్తలోనే యువరాజు ఏదో రాచకార్యం మీద సముద్రం దాటి వెళతాడు. మా అమ్మ కథలో అతను వెళ్ళేది దుబాయ్‌కి, మా పల్లెలో గల్ఫ్ అంతా దుబాయే. ఆ అమ్మాయి మూడేళ్ళు గడియారం పక్కనే కూచుని ఎదురుచూస్తుంది. రాణి సూటిపోటి మాటలంటుంది, ఆమె పల్లెత్తు మాట అనదు. ఒకరోజు ఓడ వస్తుంది, యువరాజు పెట్టెలతో దిగుతాడు, ఈమె రేవు దగ్గర ఉంటుంది. కథ కంచికి. ఆ ఓడ సీన్ వచ్చినప్పుడల్లా నేను లేచి నిలబడేదాన్ని. బాపు కూడా అట్లాగే పెట్టెలతో దిగుతాడని.

మధ్యలో మాత్రం ఒక ముక్క నేనెప్పుడూ చూడలేదు. యువరాజు ఉత్తరం రాస్తాడు, ఆమె చదువుతుంది, కిటికీ దగ్గరికి వెళుతుంది. అక్కడికి రాగానే మా అమ్మ బీడీ ఆకు కింద పెట్టి రిమోట్ అందుకునేది. "ఈడ డిస్కుకు గీత వడ్డది, ఇగ ఆడది" అని ముందుకు తోసి, నేరుగా ఓడ దగ్గర ఆపేది. నేను ఎన్నోసార్లు డిస్కు తీసి గౌను అంచుతో తుడిచేదాన్ని, నోటితో ఊదేదాన్ని. అయినా ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి "ఆడది" అనేది. డిస్కు బీరువాలోకి వెళ్ళేదాకా నేను నమ్మాను.

ఇప్పుడూ ఉత్తరం వచ్చింది. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. మా అమ్మ చెయ్యి రిమోట్ మీదికి వెళ్ళింది.

"ఈడ గీత ఉన్నది" అంది.

నేను ప్లేయరు ఆపి డిస్కు బయటికి తీశాను. కిటికీ కర్టెన్ లాగి, మధ్యాహ్నపు వెలుగులో అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. వేలిముద్రలున్నాయి, తొక్కు నూనె మరక కూడా ఒకటుంది. గీత లేదు.

"గీత ఎక్కడున్నదమ్మా?"

"గప్పుడుండె."

"మానిపోనీకె అదేమన్న పుండా?"

నేను డిస్కు తుడిచి మళ్ళీ పెట్టాను, ఉత్తరం దగ్గరికి తెచ్చాను, సౌండు పెంచాను. అమ్మ చీర కొంగును వేలికి చుట్టుకుంటూ కూచుంది.

తెర మీద ఆ అమ్మాయి కిటికీ దగ్గర ఒక నిమిషం కూడా నిలబడలేదు. ఉత్తరం మడిచి, మంచం కింది నుంచి తన పనిముట్ల సంచీ లాగింది. రాణి తలుపుకు అడ్డం నిలబడితే పక్కనుంచి దూరి వెళ్ళింది. రాచ ఓడలో కాదు, మేకలూ మూటలూ ఎక్కించిన సరుకు పడవలో వెళ్ళింది. అక్కడ యువరాజు పొడవాటి బల్ల ముందు పదిమంది ముసలివాళ్ళతో కూచుని సంతకాలు పెడుతుంటే, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి అతనితో ఏదో చెప్పింది. ముసలివాళ్ళు కాగితాలు ఎత్తుకుని బయటికి నడిచారు. ఆ తర్వాత ఓడ. పెట్టెలు. రేవు. ఓడ మీంచి దిగింది యువరాజు ఒక్కడే కాదు, ఆమె అతని పక్కనే దిగింది. రేవులో నిలబడి ఎదురుచూస్తున్నది రాణి.

చిన్నప్పుడు కూడా ఆమె ఓడ మీదే ఉంది, నా కళ్ళతో నేనే చూశాను. ఎందుకని అడిగితే "పెట్టెలు అందుకోనీకె పైకెక్కింది" అని మా అమ్మ చెప్పింది, నేను నమ్మేశాను. మూడేళ్ళ ఎదురుచూపు ఆ సినిమాలో ఎక్కడా లేదు. అసలు నెల రోజులు కూడా లేదు.

నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. నా ఫోన్లో ఒక మెయిల్ పడుంది, దాంట్లో మా ఇద్దరి రెండేళ్ళూ ఉన్నాయి. ఏ కథ విని నేను దాన్ని పది నిమిషాల్లో రాసేశానో ఆ కథ అసలు లేనేలేదు.

"ఎందుకు మార్చినవమ్మా? రైకలు, చిన్నమ్మ, అవన్నీ సరే. ఇది ఎందుకు మార్చినవు?"

మా అమ్మ కొంగు వదిలేసింది. "బాపు మళ్ళ వోయినంక ఇది మొదటిసారి సూసినప్పుడు నువ్వు నా ఒళ్ళె పండుకున్నవు. నేనొక్కదాన్నే సూసిన గది. తెల్లారి నువ్వు లేచి మళ్ళ పెట్టుమంటివి. నువ్వు రోజు అడుగుతుంటివి, బాపు ఎప్పుడొస్తడని. గామె పడవెక్కి మొగని దగ్గరికి వోయిందని చెప్తె, మనం ఎందుకు పోతలేమని అడుగుతవు. నా దగ్గర ఏం జవాబున్నది బిడ్డా? గందుకే గీత వడ్డదన్న."

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆమెకు ఎన్నేళ్ళో లెక్కపెట్టుకున్నాను. ఇప్పటి నాకంటే రెండేళ్ళు చిన్నది.

"గామె లోపటికి పోయి ఏమన్నది?" అని అమ్మే అడిగింది.

"నీకు తెల్వదా?"

"ఎట్ల తెలుస్తది? సౌండు బంద్ జేసి సూస్తిని. పెట్టినా నాకు ఇంగ్లీషు రాకపాయె. ముసలోళ్ళు లేచి పోయిన్రంటె మస్తు పెద్ద మాటనే అన్నదనుకున్న."

నేను నోరు తెరిచేలోపు పాప వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. ఆమె తలుపు తోసింది, మాట్లాడింది. పాప మా అమ్మ మోకాలి మీద చెయ్యి వేసి, వాళ్ళ టీచరు చెప్పినట్టు మెల్లగా ఒక్కో ముక్కా చెప్పింది. "ఆమె ఏమంటుందంటే, నాకు లెటర్ వద్దు. నువ్వు కావాలె. నువ్వు రా, లేకపోతె నేను ఇక్కడనే ఉంట."

మా అమ్మ ఇంకా ఉందేమో అన్నట్టు దాని ముఖంలోకి చూసింది.

"గింతేనా?"

"అంతే, అమ్మమ్మా."

"గీ మాటకా ముసలోళ్ళంత లేచి పోయిన్రు." టీవీ వైపు తిరిగి కూచుంది. "గింత మాట నాకు గూడ అనొస్తుండె."

మా ఆయన సాయంత్రం కుబూస్ రొట్టెల ప్యాకెట్టు పట్టుకుని వచ్చాడు. చెమటతో తడిసిన చొక్కా ఇంకా విప్పలేదు, మొదటి మాటే "మెయిల్ పంపినవా? రేపు పొద్దున దాక ఎందుకు ఆపుడు?" అన్నాడు. ఆ అడగడంలో ఆయన గొంతు నాకు మొదటిసారి సరిగ్గా వినిపించింది. పంపాలని అడిగే గొంతు కాదది.

"పంపలే" అన్నాను. "తీసేసిన. నువ్వు సౌదీ పోవుడు నాకు ఇష్టం లేదు. మొదటిరోజే లేకుండె. నోటీసియ్యి, ఇక్కడనే ఇంకోటి చూసుకో. దొరకకపోతె అందరం కలిసే ఊరికి పోదాం."

చెప్పడం అంత గొప్పగా ఏమీ రాలేదు. మధ్యలో గొంతు కీచుగా పోయింది, పాప ఆపకుండా ప్లేయరు బటన్లు నొక్కుతోంది, దాని మీద ఒకసారి అరిచాను కూడా. మా ఆయన కుబూస్ ప్యాకెట్టును బల్ల మీద పెట్టి కూచున్నాడు.

"నీకు మంచిగనే ఉన్నదనుకున్న" అన్నాడు. "అంత జల్ది రాసినవు గదా."

"నువ్వెందుకు వద్దనలే మరి?"

"ఒకసారి అన్న గదా."

ఒకసారి అన్నాడు, నిజమే. ఒక్కసారి అని ఊరుకునే మనిషి ఆయన, ఒక్కసారి కూడా వినిపించుకోని మనిషిని నేను. ఇద్దరి మీదా నాకు విసుగొచ్చింది. కొత్త మెయిల్ రాయడానికి కూచుంటే ఈసారి పది నిమిషాలు చాల్లేదు, రెండు గంటలు పట్టింది.

నేనింకా రాస్తుండగానే ఊరి నుంచి బాపు వీడియో కాల్ చేశాడు. అమ్మ ఫోనెత్తింది. బాపు ఎప్పుడూ ఫోను ముఖానికి సరిగ్గా పట్టుకోడు. తెర మీద సగం నుదురు, సగం తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి.

"అల్లుడు సౌదీ ఎప్పుడు వోతుండు?" అని అడిగాడు.

"పోతలేడు. నీ బిడ్డ వద్దన్నది."

"అట్లెట్ల?"

అమ్మ ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, "ఇగో, ఒకటి అడుగుత" అంది. "గప్పుడు నేను గూడ దుబాయ్ వస్తనంటె నువ్వు ఏమందువు?"

బాపు పద్నాలుగేళ్ళు పనిచేసిన ఊళ్ళో, అతను కట్టిన టవర్లకు అరగంట దూరంలో కూచుని కూడా ఆమె దాన్ని దుబాయ్ అనే అంది. నేను సరిదిద్దలేదు.

"యాడికొద్దువు?" అన్నాడు బాపు. "క్యాంపుల ఆడోళ్ళకు జాగ లేకుండె. మా వీసకు ఫ్యామిలీని రానియ్యరు."

"నాకెర్కనే."

"మరి ఎట్లయినా నడవకపోతుండె గదా."

"నడవకపోతుండె" అంది అమ్మ.

ఫోన్లో ఫ్యాను తిరుగుతోంది. తర్వాత అది పక్కకు జరిగి బాపు ముఖం మొత్తం కనిపించింది.

"అయినా" అన్నాడు, "ఒక్కసారి అడిగితె మంచిగుండేది."

ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టలేదు.